కరెంటు పోతేనే మాటలు

నేను టేప్‌రికార్డర్‌ను. 1990ల మొదట్లో దుబాయ్ నుంచి ఒక కూలీ పెట్టెలో, సబ్బులు, సెంటు సీసాల నడుమ జగిత్యాలకు వచ్చాను. గల్ఫ్‌కు పోయినవాళ్లు మాటలు నింపిన క్యాసెట్లు ఇంటికి పంపే కాలమది. చదువు రాని తల్లికి కొడుకు గొంతు వినిపించడం నా మొదటి కొలువు. అప్పు ముదిరి ఆ ఇల్లు నన్ను అమ్ముకుంది. కొన్నది మా సారు. ఆయన ఏ పత్రికలోనూ జీతానికి లేరు. వారపత్రికలకు వ్యాసాలు రాసేవారు, అచ్చయితేనే మనియార్డరు వచ్చేది.

సారు నన్ను వెంటేసుకుని పోయిన కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, చెయ్యి ఆపకుండానే మాట్లాడేవాళ్లు. వాళ్ల మాటల కింద తునికాకు కత్తిరించే చప్పుడు నాలో ఇంకా ఉంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగాలేవని గుమాస్తా పక్కన పడేసినవాటికి పైసా లేదు. టపాలో తిరిగొచ్చిన వ్యాసానికీ అంతే. ఆ పోలిక మాత్రం సారు ఎన్నడూ రాయలేదు. జగిత్యాల బిడ్డ బి.ఎస్. రాములు బీడీ కార్మికుల మీద రాసిన ‘బతుకుపోరు’ సంచిలో నా పక్కనే ఉండేది. అది చదవనిదే ఆ చాటల ముందు కూర్చోకూడదనేవారు సారు.

1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజులు చూసిన ముసలివాళ్ల దగ్గర నన్ను సంచిలోంచి తీసేవారే కాదు. విని, ఇంటికొచ్చి రాసుకునేవారు. అది సరైన పనే.

సిరిసిల్లలో మాత్రం నాకు చెవులు పనిచేసేవి కావు. సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే పక్క మనిషి మాటే వినపడదు. కరెంటు పోవాలని సారు గుమ్మంలో కాచుకునేవారు. ఓ మధ్యాహ్నం పోయింది. నన్ను నొక్కారు.

“మీకు సంబురమే సారూ, మాకు మీటర్లు ఆగినయి” అన్నాడు సాంచె నడిపే ఆయన.

మీటరుకు ఇన్ని పైసలని కూలి. సారు తల దించుకున్నారు. సాంచె ఆయన మాత్రం కోపం పెట్టుకోలేదు. నూలు అప్పు, బిడ్డ పెళ్లి, రాత్రి పాళీలో మూతలుపడే కళ్లు, అన్నీ చెప్పాడు.

కొత్తవి కొనే స్తోమత లేక సారు పాత క్యాసెట్ల మీదే మళ్లీ రికార్డు చేసేవారు. అలా ఎన్ని గొంతులు చెరిగాయో నాకు తెలుసు. ఆ ఒక్క సిరిసిల్ల క్యాసెట్‌ను మాత్రం ముట్టలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు పెట్టుకుని వింటారు. “మా పెద్దోడు బొంబాయిల...” అంటుండగా కరెంటు వస్తుంది. ఇక సాంచెల చప్పుడే. క్యాసెట్ అయిపోయేదాకా సారు నన్ను ఆపరు.