పునాది ఇసుక ఆత్మకథ

హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ప్రాంగణంలో, కల్యాణమండపానికి పునాదిగా పోసిన ఇసుక చెప్పుకొంటున్న ఆత్మకథ ఇది. ప్రశస్తి చెక్కించుకున్న రాజు శాసనంలో కనిపించినట్లే ఇసుక కూడా ఇందులో ప్రథమపురుషలోనే కనిపిస్తుంది.

గ్రానైటు ఎండకూ వానకూ శిథిలమైనప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ క్రమంగా బంకమట్టిగా మారిపోగా, గట్టిదైన క్వార్ట్జ్ రేణువులుగా మిగులుతుంది. ఇసుక వంశం అదే. పుట్టుకచేత అది ఘనపదార్థం, అంటే కణాలు తమ స్థానాల్లోనే కంపిస్తూ బిగిసి ఉండడంవల్ల నిర్దిష్టమైన ఆకారమూ, ఘనపరిమాణమూ (పదార్థం ఆక్రమించే చోటు) కలది. అయినా గోతిలో పోసిననాడు అది గోతి ఆకారాన్నే పొందింది. ఇంతమాత్రాన దానిని ద్రవమనడం తగదు. ద్రవానికి ఘనపరిమాణం ఉన్నా సొంత ఆకారం లేదు, పైతలం తనంతట తానే సమమవుతుంది. పొడి ఇసుక మాత్రం సుమారు 30 నుంచి 35 డిగ్రీల వాలుతో కుప్పగా నిలుస్తుంది. ఆకారం మారినది కుప్పకే గాని రేణువుకు కాదు.

ఘనపరిమాణం సంగతి మరింత చిక్కైనది. వదులుగా పోసిన ఇసుకలో దాదాపు 40 శాతం ఖాళీయే. దిమ్మిసతో కొడితే ఆ ఖాళీ తగ్గుతుంది, రేణువులు మాత్రం కుదించుకోవు. ఆ సందుల్లో ఉండేది గాలి, అంటే ఆకారమూ ఘనపరిమాణమూ రెండూ నిర్దిష్టంగా లేని వాయువు. దారి దొరికితే పోతుంది, మూసిపెట్టి నొక్కితే కుదించుకొంటుంది. వాననీరు ఇంకితే గాలి తప్పుకొని నీటికి చోటిస్తుంది, నీరు ఎంత నొక్కినా దాదాపు కుదించుకోదు. బిగిసిన తడి ఇసుకను కదిలిస్తే రేణువులు ఒకదానిపై ఒకటి ఎక్కవలసివచ్చి మొత్తం ఉబ్బుతుందని 1885లో ఆస్బర్న్ రేనాల్డ్స్ వివరించాడు. సముద్రతీరంలో పాదం మోపినచోట తడి ఇసుక క్షణంపాటు పొడిబారినట్లు కనిపించడానికి కారణం ఇలా పెరిగిన సందుల్లోకి పైనీరు దిగిపోవడమే.

ఇసుక పునాది భూకంపాన్ని తట్టుకొంటుందనే ప్రచారానికి ఒక షరతు చేర్చక తప్పదు. నీటితో నిండిన వదులు ఇసుక కుదుపుకు కుదించుకోబోతే, వెంటనే బయటికి పోలేని నీరే పైబరువును మోయవలసివస్తుంది, రేణువుల పట్టు సడలి ఇసుక ద్రవంలా ప్రవహిస్తుంది. బిగించి, నలువైపులా కట్టడి చేసిన ఇసుకకు ఈ గతి అంత సులభంగా పట్టదు. ఈ ఇసుక పునాదిపై నిలిచి, కాలక్రమంలో జీర్ణించిన కల్యాణమండపాన్ని విడదీసి పునర్నిర్మించిన తరువాత, 2024 మార్చిలో దానిని తిరిగి ప్రారంభించారు.