రేవు ఉత్తరాలు

బార్సిలోనాలో ఓడెక్కిన సాయంత్రమే మావాడు నాకు ఊళ్ళు చూపించే పని నెత్తికెత్తుకున్నాడు. "నువ్వు నా వెనకాల నడువు చాలు. ఇవన్నీ నేను తిరిగిన రేవులే" అన్నాడు.

మార్సేయ్, జెనోవా, నేపుల్స్, మెస్సీనా, మాల్టా, మళ్ళీ బార్సిలోనా. వారం రోజుల ప్రయాణం. ఈ ఊళ్ళు ఎంచింది నేనే. వాడి ఉత్తరాల్లో ఉన్నవి ఇవే మరి.

మాది భీమునిపట్నం దగ్గర పల్లె. ఇద్దరం ఒకే బడి. నేను టీచరునయ్యాను. వాడు 1989లో సరుకు ఓడల మీద ఇంజిన్ రూములో ఆయిలర్‌గా చేరాడు. వెళ్తే తొమ్మిది నెలలు, పది నెలలు. వాళ్ళమ్మకు చదువు రాదు. ఉత్తరం వచ్చిన సాయంత్రం ఎండుచేపల తట్ట గుమ్మం బయట దించి, చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని మా అరుగు మీద కూర్చునేది. నేను చదివేవాణ్ణి. మార్సేయ్‌లో కొండ మీద బంగారు మేరీమాత ఉందని, జెనోవాలో దీపస్తంభం 1543 నాటిదని, మాల్టా కోటగోడలు సాయంత్రం ఎండకు తేనెరంగు తిరుగుతాయని, అక్కడ ఒకప్పుడు మిట్టమధ్యాహ్నం ఫిరంగి పేల్చేవారని. ఒక్కోసారి కవర్లో రంగుల కార్డు కూడా వచ్చేది. ఆవిడ దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసుకునేది. అంతా విన్నాక ఒకే మాట అడిగేది.

"ఆడేటి తిన్నాడో రాసినాడా బాబూ?"

"లేదమ్మా" అనేవాణ్ణి. కార్డూ ఉత్తరమూ చెంగున ముడేసుకుని వెళ్ళిపోయేది.

ఓడలో మావాడికి మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కిటికీ ఉన్న గది కదా, వెలుతురెక్కువట. తెల్లవారకుండానే పైకెళ్ళి కటకటాల దగ్గర నిలబడేవాడు. నడవాలో గోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "మూడు ఇంజిన్లు నడుస్తున్నాయి, ఒకదాన్ని ఆపేశారు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు వాడి గొంతులో ఎక్కడా తడబాటు ఉండేది కాదు.

మార్సేయ్‌లో పాతరేవు ఒడ్డున ఆడవాళ్ళు పొద్దున్నే పట్టిన చేపలు బల్లల మీద పోసి అమ్ముతుంటే మా ఇద్దరికీ కాళ్ళు కదల్లేదు. కేక వేసే తీరు కూడా మన వాళ్ళదే. అక్కణ్ణుంచి కొండ మీది చర్చి కనిపిస్తూనే ఉంది. శిఖరాన బంగారు పూత పూసిన మేరీమాత. ఆ ఊరివాళ్ళు ఆమెను మంచితల్లి అంటారు. లోపల కప్పు నుంచి చిన్న చిన్న ఓడల బొమ్మలు దారాలతో వేలాడుతున్నాయి. సముద్రం మీద ప్రాణం దక్కినవాళ్ళు తెచ్చి కట్టిన మొక్కుబళ్ళవి. వాటి కింద మావాడు మెడ పైకెత్తి అలాగే నిలబడిపోయాడు.

"ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చుంటావురా?" అన్నాను.

"లెక్కలేదు" అన్నాడు, పైకి చూస్తూనే.

జెనోవా సందుల్లో రెండు చేతులూ చాపితే అటూ ఇటూ గోడలు తగులుతాయి. వాడు ముందు, నేను వెనక. ఒకే చెప్పుల దుకాణం ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాం. నేనేమీ అనలేదు. చివరికి కట్టెల పొయ్యి వాసన పట్టుకుని ఓ చిన్న కొట్లో దూరాం. బండిచక్రమంత రాగి పళ్ళెంలో కాల్చిన పసుప్పచ్చని అట్టును కోసి కాగితంలో పెట్టిచ్చారు. ఫరీనాటా అంటారట. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. అంచు కరకరలాడుతోంది, నడుమ మెత్తగా జారుతోంది. వాడు నిలబడే రెండు ముక్కలు తిన్నాడు. "మన శనగపిండి అట్టేరా ఇది! ఇన్నేళ్ళూ ఇక్కడే ఉందా!" అని, అనేశాక నా మొహంలోకి చూసి, వేళ్ళకంటిన నూనె తుడుచుకోవడంలో పడ్డాడు.

నేపుల్స్, మెస్సీనా ఎండలో గడిచిపోయాయి.

మాల్టాలో పెద్దరేవులోకి ఓడ వెళ్తుంటే రెండువైపులా కోటలు దగ్గరికొచ్చేస్తాయి. ఆ రాళ్ళ మీద అప్పుడే ఎండ పడుతోంది. మావాడు కటకటాలు గట్టిగా పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. వల్లెట్టాలో రేవంతా కనిపించే ఎత్తు తోటలో కూర్చున్నాం. పచ్చబఠాణీ ముద్ద కూరి కాల్చిన పొరల పేస్ట్రీలు, టీ తెచ్చాను. పాస్టిజ్జి అని పేరు. సరిగ్గా పన్నెండింటికి కింద ఫిరంగి పేలింది. మావాడు ఉలిక్కిపడి లేచాడు. టీ బల్ల మీద ఒలికిపోయింది.

కాగితం రుమాళ్ళతో బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆగాడు.

"మా ఓడ ఎప్పుడూ ఈ రేవుకి రాలేదురా. మాల్టా అంటే మాకు దక్షిణాన మార్సష్లోక్. మార్సేయ్ అంటే ఫోస్, అక్కణ్ణుంచి ఊరు 50 కిలోమీటర్లు. జెనోవా అంటే వోల్ట్రి, అదో 15. కంటైనర్లు దించి, ఎక్కించి, పూట తిరక్కుండా పంపేస్తారు. ఇంజిన్ ఆగిన ఆ కాసేపే మాకు రిపేరు టైము. రేవులోకి వెళ్ళేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు మేమంతా కిందే ఉండాలి. ఇరవై రెండేళ్ళలో ఇక్కడ నేల మీద కాలు పెట్టింది, విమానం దిగి వ్యాన్లో ఓడ దగ్గరికి వచ్చినప్పుడే."

"మరి కార్డులు?"

"నావికుల బాగోగులు చూసే చర్చివాళ్ళు ఓడెక్కి ఇచ్చేవారు. మిగతాదంతా సెకండ్ ఇంజినీర్ని అడిగి రాసేవాణ్ణి. అమ్మ కోసంరా. కొడుకు పగలో రాత్రో తెలియని ఇనపగదిలో మగ్గుతున్నాడని తెలిస్తే తట్టుకుంటుందా? పోయేదాకా ఆవిడకి తెలీలేదు. నాకు అదొక్కటే తృప్తి."

ఆవిడ 2002లో పోయింది. అంతకు ముందు నెల వచ్చిన ఉత్తరమే నేను ఆవిడకు చదివిన ఆఖరిది. ఆ రోజు కూడా అదే అడిగింది. లేదమ్మా అన్నాను. ఎప్పట్లా లేవలేదు.

"ఆడు ఓడ దిగనేదు బాబూ. ఏ ఊర్నీ దిగనేదు. దిగినోడైతే తిండి మాట రాయకుండా ఉంటాడా? సిన్నప్పుడు తీర్తానికెల్లొచ్చినా ముందు జీళ్ళు తిన్నాననే సెప్పీవోడు. మొదటి ఉత్తరానికే నాకు తెలిసిపోనాది. నువ్వు మాత్రం ఆడికి సెప్పకు. నాకు తెలుసని తెలిస్తే రాయడం మానేస్తాడు."

బల్ల మీద పాస్టిజ్జి చల్లారిపోతోంది.

"తెలీలేదు కదూ?" మళ్ళీ అడిగాడు మావాడు.

"తెలీదురా" అన్నాను. "ముందది తిను."