స్టార్టరు డబ్బాకు టీకా తాత్పర్యం

మూలం: ఏ1 ఏ2 | 13 14 | 95 96 ||

బోరుమోటరు స్టార్టరు మూత విప్పితే కనిపించే గ్రంథం ఇంతే. కర్త లేడు, క్రియ లేదు, ఛందస్సు ఊసే లేదు. అయినా కరీంనగర్, ఆదిలాబాద్ పొలాలకు నీళ్లు పారేది దీని అన్వయం మీదే. ప్రతిపదార్థం: 'ఏ' అనగా కాంటాక్టరును లాగే కాయిలు, 1, 2 దాని కొసలు. రెండంకెల సంఖ్యల్లో మొదటి అంకె మామూలుగా వరుసను, చివరిది స్వభావాన్ని చెబుతుంది. 3-4 అయితే మామూలుగా తెరిచి ఉండి, కాయిలు లాగితే మూసుకునే కాంటాక్టు. 1-2 అయితే దానికి తిరుగు. 5-6 కూడా మూసి ఉండేదే, కాని ప్రత్యేకోద్యోగి. అందుకే 95-96 ఓవర్‌లోడ్ రిలేలో కూర్చుని, మోటరు మితిమీరి కరెంటు లాగితే కాయిలు దారి తెంపుతుంది. ఇది అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల (ఐఈసీ) వాడుక. కనుక ఎన్నడూ చూడని కంపెనీ కాంటాక్టరు మీద 43-44 కనబడినా, అది నాలుగోది, తెరిచి ఉండేదని విప్పకుండానే చెప్పవచ్చు. తాత్పర్యం: కొత్త పరికరాన్ని గుర్తుపట్టనక్కరలేదు, చదివితే చాలు.

"గింత శాస్త్రమెందుకు? విప్పేముందు ఫోన్ల ఫొటో తీసుకుంటే అయిపాయె" అని పూర్వపక్షం. పాత డబ్బాను పాతలాగే బిగించడానికి ఫొటో చాలు. కాంటాక్టుల చోటు మారిన కొత్త డబ్బా ముందు అది మూగది. అందులో కనిపించే తీగ రంగు కూడా ఆనాడు మెకానిక్ సంచిలో ఏది దొరికిందో చెబుతుంది, అంతే. 13-14నే చూడండి. పచ్చ బటన్ నొక్కితే కాయిలు లాగుతుంది. బటన్ వదిలినా మూసుకున్న 13-14 దాన్ని పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే ఆ పట్టు జారుతుంది, తిరిగి వచ్చినా మనిషి వచ్చి నొక్కవలసిందే. ఆ నొక్కుడు పనిని తన మీద వేసుకున్నదే ఆటో స్టార్టరు. అర్ధరాత్రి విడతల కరెంటు రోజుల్లో అది రైతు నిద్రను కాపాడిందని ఒప్పుకోవాలి. 2017 జూలైలో పాత కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాల్లో ప్రయోగాత్మకంగా, 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా వ్యవసాయానికి 24 గంటల కరెంటు సరఫరా మొదలయ్యాక, దాన్ని తీసేయమని ప్రభుత్వమే చెప్పింది. తెంపులేకుండా తోడితే భూగర్భజలం అడుగంటుతుంది మరి. తీసేటప్పుడు రంగును నమ్మినవాడు పట్టు తీగను కూడా పీకితే, బటన్ మీద వేలున్నంతసేపే మోటరు నడుస్తుంది. అంకె చదివినవాడు ఏది ఉంచాలో ఎరుగును.

అన్నీ మూలంలోనే ఉన్నాయా అంటే, లేవు. కాయిలుకు ఎన్ని వోల్టులో ఏ1, ఏ2 చెప్పవు. అది పక్కన వేరే రాసి ఉంటుంది. 240 కాయిలుకు రెండు ఫేజులిస్తే కాలుతుంది. 415 కాయిలుకు ఫేజు, న్యూట్రల్ ఇస్తే సరిగ్గా లాగలేక గుర్రుమంటుంది. మూలంలో లేనిది రాయనన్నది సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత, మన మెదక్ సీమ మల్లినాథసూరి నియమం. స్టార్టరు వ్యాఖ్యాత దాన్ని సడలించక తప్పదు. అంకెలే చెరిగిపోతేనో? మెయిన్ తీసి, ఫ్యూజులు పీకి, తీగలు విప్పి, దారి ఉంటే కూసే (కంటిన్యుటీ) గుర్తు మీద మల్టీమీటరు పెట్టాలి. కాంటాక్టరును వేలితో లోపలికి నొక్కినప్పుడు కూయడం మొదలుపెట్టేది 3-4 వంశం, కూత ఆపేది 1-2 వంశం. రిలే మీది టెస్టు మీట కదిపితే ఆపేది 95-96.