కడిగితే గానీ తెలియని పెళ్లి

మొత్తానికి ఫిలిం ప్యాకేజీ మా రేణిగుంట పెళ్లిళ్లకూ వచ్చేసింది. డిజిటల్ ఎవడైనా తీస్తాడంట, రీలు మీద తీసేవాడే కళాకారుడంట. సంతోషం.

రోలుకు 36 ఫోటోలు. అందుకని చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దత్తను పక్కకు జరగమంటున్నారు, ఫ్రేము దండగని. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి. రీలు స్పీడు 400, ఆ వెలుతురుకు చాలదు. అయినా ఫ్లాష్ వేయరు, సహజత్వం పోతుందంట! పగటి వెలుతురుకు చేసిన రీలు మండపం బల్బుల కింద పెళ్లికూతురికి ఇంకో విడత నలుగు పెడుతుంది. విమానంలో దిగే కళాకారుడైతే ఎక్స్‌రేలో పెట్టొద్దు సార్ అని సెక్యూరిటీ వాళ్లను బతిమాలుకోవాలి. మే నెలలో రేణిగుంట ఎండకు రీళ్లను ఎక్కడ దాస్తారో, బహుశా ఐస్‌క్రీం డబ్బాలోనేమో.

అసలు తమాషా తర్వాతది. రీలు కొరియర్లో ఏ మహానగరం ల్యాబుకో పోతుంది. అక్కడ కడిగి, స్కాన్ చేసి, కంప్యూటర్ ఫైళ్లుగా పంపుతారు. అంటే ఏమైనట్టు? డిజిటలే అయినట్టు. ఆ ఫైళ్లు వాట్సాప్‌లో నలిగి, పెదనాన్న పగిలిన ఫోనులో తేలతాయి. ఆ తెర మీద రీలేదో, ఫోను ఫోటో ఏదో కనిపెట్టినవాడికి నా ఖర్చుతో కాళహస్తి దర్శనం.

ఇంకొందరు రీలు ముట్టుకోనే ముట్టుకోరు. డిజిటల్లోనే తీసి, కంప్యూటర్లో గరుకు అద్ది, దుమ్ము చల్లి, మూలన ఎర్రమరక పెడతారు. ఆ రోజుల్లో కెమెరా మూత సరిగా పడక, వెలుతురు దూరి ఆ మరక వస్తే స్టూడియో ఆయన వియ్యంకులిద్దరి చేతా తిట్లు తినేవాడు. ఇప్పుడు ఆ మరకకే బిల్లు.

ఆ బిల్లు కట్టేదెవరు? ఆడపిల్ల తండ్రి. డ్రోన్‌కు కట్టాడు, ఎల్‌ఈడీ తెరకు కట్టాడు, ఇప్పుడు మీ పాతకాలం మోజుకూ కట్టాలా? రీలు ఖాళీగా వస్తే జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టిస్తారా? ఊటీలో ‘ఇందు’ రీళ్లు చేసిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ మూతపడితే పట్టించుకున్నవాడు లేడు. కోడాక్ 2012లో దివాలా పిటిషన్ వేస్తే మనవాళ్లు ఫోను కెమెరాల మెగాపిక్సెళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఒక్కో ఫ్రేమూ లెక్క చూసుకుంటూ రాత్రంతా నిలబడి పెళ్లి తీసిన అన్నలు ఇప్పుడు ఆధార్ జిరాక్సులు తీస్తున్నారు. ఆ పని తెలిసినవాళ్లను ఒక్కడన్నా పిలిచాడా? పిలవరు. వాళ్లకు గడ్డమూ లేదు, ఇన్‌స్టా పేజీ లేదు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక్క మాట అడిగి చూడండి, నెగెటివ్‌లు మాకే ఇస్తావా నాయనా అని.

"నెగెటివ్‌లు ఎందుకు సార్, పెన్‌డ్రైవ్ ఇస్తాం కదా!"