కొన్నవాడే ముద్దాయి

ఆక్టివేషన్, అనగా కొన్న సాఫ్ట్‌వేర్ నిజంగా కొన్నదేనని తయారీదారుకు విన్నవించుకుని అనుమతి పొందే ప్రక్రియ, 2001లో విండోస్ ఎక్స్‌పీని విడిగా కొనేవారికి విధి అయింది. పెద్ద సంస్థలకు టోకున అమ్మే ప్రతులకు మాత్రం ఆ నిబంధన లేనందున, అటువంటి ప్రతి ఒకటి తాళపు సంకేతంతో సహా విడుదలకు ముందే బయటికి పొక్కి, ఏ అనుమతీ అడగనక్కరలేని మేలురకం సరుకును దొంగలకు సమకూర్చింది.

తార్నాక, లాలాపేట్‌ల మధ్య డీటీపీ దుకాణం పెట్టుకుని ఉస్మానియా పరిశోధకుల సిద్ధాంతగ్రంథాలకు అక్షరరూపమిచ్చే యజమాని ఒకడు, బుద్ధి గడ్డితిని, విండోస్ ఎక్స్‌పీని రసీదుతో కొన్నాడనుకుంటే, మదర్‌బోర్డు కాలిపోయి మార్చిన నాడు అతడు అపరిచితుడిగా పరిగణింపబడి, నెట్‌లో పని జరగకపోతే 50 అంకెలకు తగ్గని సంఖ్యను ఫోనులో అప్పజెప్పవలసి వచ్చేది (పరిశోధకునికి వైవాలో సైతం ఇంతటి పరీక్ష ఉండదు). రసీదు లేని పొరుగు దుకాణం ఈలోగా గ్రంథాలను బైండింగుకు పంపేసి ఉండేది.

2007 ఆగస్టులో అసలు, నకిలీలను తేల్చే మైక్రోసాఫ్ట్ సర్వర్లే 19 గంటలపాటు గతితప్పి, 12 వేలకు లోపేనని సంస్థ సెలవిచ్చిన సంఖ్యలో కంప్యూటర్లు నకిలీ ముద్రకు గురైనప్పుడు, యజమానులు తమ నిజాయితీకి రుజువులు వెతుక్కోగా, తనిఖీ గుమ్మమే తొక్కని దొంగ ప్రతులకు నిద్రాభంగమైనా కలగలేదు.