కరెఁటు పోయె నడుమ: ఒక జీడిమెట్ల చాటువుకు టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

పాత పెట్టెకేల పైనుండి మార్పులు
కరెఁటు పోయె నడుమ కడకు రాక
తెరయు నల్లబడియె తిరిగెను పంకాయె
చిప్పు రాయకున్న చెత్తబుట్ట

అవతారిక: చింతల్‌లో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ మా లేత్ షెడ్డు లెక్కల పెట్టె మూత విప్పుతూ అన్న మాటలివి. గణాలు కొంచెం నేను సర్దాను. షాపూర్‌నగర్ మీదుగా నర్సాపూర్ రోడ్డు పట్టుకుని పోతూ ఉంటే మెదక్ ఇవతల కొల్చారం వస్తుంది. వ్యాఖ్యాత మల్లినాథసూరి ఊరు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పనని ఆయన ఒట్టు. ఇద్దరిదీ ఒకే రోడ్డు గనుక నేనూ కలం పట్టాను. ఒట్టు మాత్రం పెట్టుకోలేదు.

టీక: పాత పెట్టెకు = 2013లో కొన్న డెస్క్‌టాప్‌కు; ఏల = ఎందుకు; పైనుండి = మాదాపూర్ నుండి. యజమాని కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్. ఆదివారం వచ్చి "అంకుల్, దీని బయోస్ ముసలిదైపోయింది" అని అప్‌డేట్ మొదలుపెట్టాడు. 2018లో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడ్డప్పుడు ఇలాంటి మార్పులు తప్పలేదు కదా అని ఆక్షేపం. నిజమే. కానీ మా పెట్టెలో దాచుకోవాల్సిన రహస్యం బోల్టుల బాకీలు తప్ప ఏముంది?

కరెఁటు = కరెంటు. అరసున్న సార్థకం. నిండుసున్నతో రాస్తే నిండుగా ఉన్నట్టు అర్థమొస్తుంది. 2012లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలిచ్చిన రోజుల్లో సున్న మాత్రమే మిగిలేది. యూపీఎస్ ఉండగా పోవడమేమిటంటే, దాని బ్యాటరీ ఉబ్బి ఏడాదైంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనే, చెప్పనివాణ్ణీ నేనే.

నడుమ: ఈ పద్యానికి ప్రాణపదం. పెట్టెను లేపే మొదటి ఆజ్ఞలు, అంటే బయోస్, ఉండేది ఫ్లాష్ చిప్పులో. అందులో పాతదాని మీద కొత్తది రాయడం కుదరదు. ముందు తుడవాలి, తర్వాత రాయాలి. తుడిచిన చోట అన్నీ ఒకట్లే మిగులుతాయి. పాతది పోయి, కొత్తది రాక, పెట్టె త్రిశంకుడైంది.

పంకాయె: "ఎ" అవధారణార్థకం, పంకా మాత్రమే అని. తిరగడానికి దానికి కరెంటు చాలు, బుద్ధి అక్కర్లేదు. తక్కినవాటికి మాత్రం చిప్పులోని మొదటి ఆజ్ఞలు కావాలి. అవి లేవు గనుక బీప్ కూడా రాలేదు.

ఇక్కడ పూర్వపక్షం. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దితే? రుద్దాం. 3 వోల్టుల సీఆర్2032 సెల్లు తీసి పెడితే? అదీ చేశాం. ఆ సెల్లు కాచేది గడియారాన్ని, సెట్టింగులను. చిప్పులోని పాఠానికి దానితో పని లేదు, సెల్లున్నా లేకున్నా ఉంటుంది. చెరిగిన గ్రంథానికి అట్ట మార్చినట్టయింది మా వైద్యం.

చిప్పు: ఎనిమిది కాళ్లది, 64 మెగాబిట్లు, అంటే 8 మెగాబైట్లు. దీర్ఘం లేని ఈ మాటకు చివర "అ" తగిలిస్తే చిప్ప. నెలాఖరు లెక్కలు లేకుండా నా చేతికి వచ్చేది అదే. లోపల ఉండేది బయోస్. గ్రీకులో ఆ మాటకు జీవితమని అర్థం గనుక శ్లేష.

రాయకున్న: సీహెచ్341ఏ అనే చిన్న యంత్రాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, దాని క్లిప్పుతో చిప్పు కాళ్లను పట్టాడు మెకానిక్. నేను "రాసెయ్" అన్నాను. "ఆగుండ్రి సార్, ముందు పాతది చదివి దాచాలె. మీ విండోస్ తాళం, సీరియల్ నంబరు గండ్లనే ఉంటయి. గట్లనే రాస్తే అవి పోతయి" అన్నాడు. రెండుసార్లు చదివాడు, రెండు ప్రతులూ కలవలేదు. క్లిప్పు వదులు. మళ్లీ పట్టి, రెండూ కలిసేదాకా చదివాడు. తాళపత్రాలు పరిష్కరించే పండితులు చేసేదీ ఇదే. నాకు మల్లినాథుడు గుర్తొచ్చింది అప్పుడే.

చెత్తబుట్ట: అతిశయోక్తి కాదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్లలో ఈ పాఠాన్నే చెరిపింది. చిప్పో బోర్డో మార్చుకోవాల్సి వచ్చింది.

తాత్పర్యం: కొత్త పాఠం రాశాక పెట్టె లేచింది. సెల్లు తీశాం గనుక తేదీ మాత్రం 2013 జనవరి 1 అని చూపింది. నేను చూడకుండానే మూడు బిల్లులు కొట్టాను. జీఎస్టీ వచ్చింది 2017 జులైలో. నాలుగేళ్ల ముందే వసూలు చేసిన ఫ్యాక్టరీ మాదే.