గోలెంలో ఐరిస్

జగిత్యాలలో మా పక్కింటి సారు రిటైరైన నాటి నుంచి దేశవాళీ మొక్కల మీద ఉపన్యాసాలే ఉపన్యాసాలు. ఒకనాడు ఆన్‌లైన్‌లో 'చిత్తడి నేలల దేశవాళీ ఐరిస్' అని కనబడితే 900 రూపాయలు పోసి నాలుగు దుంపలు తెప్పించాడు. ఐరిస్ మన దేశంలో లేదని కాదు, కశ్మీరులో సమాధుల మీద నాటుతారు కూడా. కాని అది చలి తిని పెరిగే మొక్క. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే మన దిక్కున అది బతికితేనే గొప్ప. ఈ ముక్క సారుకు చెప్పే ధైర్యం గల్లీలో ఎవరికీ లేదు.

పెరట్లో పాత కుడితి గోలెం ఉంటే అందులో చెరువు మట్టి, మాగిన పేడ నింపి, పైన రెండు వేళ్ల మందం నీళ్లు నిలిపి నాటాడు. నెల తిరక్కుండానే కత్తుల్లాంటి ఆకులు లేచాయి.

సిరిసిల్ల నుంచి వచ్చిన వాళ్ల అత్తమ్మ, బీడీలు చుట్టి బిడ్డల పెండ్లిళ్లు చేసిన మనిషి, గోలెం దగ్గర ఆగింది.

"గిది వస గాదా అల్లుడా?"

"కాదత్తమ్మా, ఐరిస్. పచ్చటి పూలు పూస్తది."

ఆమె ఆకు తెంపబోతే సారు అడ్డం పడ్డాడు. తెంపి వేళ్ల మధ్య నలిపితే అక్కడే తేలిపోయేది. చూపుకు రెండూ ఒకటే గాని, వస ఆకు ఘాటు ముక్కును వదలదు. ఐరిస్‌కు ఆ వాసన ఉండదు.

ఏడాది దాటినా పువ్వు లేదు. పైగా కొన్ని మొక్కలు ఉన్నట్టుండి నీరసించి, మళ్లీ తేరుకునేవి. సారు పందికొక్కుల పనేనని జాలీ కట్టాడు. తెగులేమోనని వేపపిండి చల్లాడు.

మొన్న కోరుట్లలో సభ. మాట్లాడీ మాట్లాడీ సారు గొంతు పట్టేసింది. వస ముక్క బుగ్గన పెట్టుకోమని ఎవరో అంటే, ఇద్దరం పసారి దుకాణానికి పోయాం. (అందులోని అసరోన్ మంచిది కాదని అమెరికా 1968లోనే తిండి పదార్థాల్లో వస వాడొద్దంది. పసిపిల్లల నాలుకకు వస రాసే మన అవ్వలకు ఆ కబురు ఇంకా అందలేదు.)

దుకాణదారు కణుపులు కణుపులుగా ఉన్న ముక్క తీసి ఇచ్చాడు. సారు గొంతు పెగుల్చుకుని, "పాతది గాదు గదా?" అన్నాడు.

"కొత్తదే సార్. జగిత్యాల నుంచి ఒక అవ్వ తెస్తది, ఈడ చిన్నబిడ్డ ఇంటికి వచ్చినప్పుడల్లా. ఆమె అల్లుడు గోలెంల పెంచుతడట. ఆయన పగటిపూట పండుకున్నంక దుంప కోసుకొని, ఆకులున్న కొస మళ్ల నాటుతదట."

సారుకు ఉన్న కాస్త గొంతూ పోయింది. నేనే అడిగాను.

"అది వస అని ఆ అల్లునికి తెల్వదా?"

"ఒక్కపారి చెప్పిందట సార్, ఇనలేదట. మళ్ల చెప్తే యాడ నీళ్లు పోసుడు బంద్ జేస్తడో అని ఊకున్నదట."